ఎడమ కాలికి పని

కోమలికి మనుషులు మొహాలతో గుర్తుండరు, కాళ్ళతో గుర్తుంటారు. తిరుపతి బజారులో ఎవరన్నా ఎదురొచ్చి "మేడం, మీ దగ్గర కారు నేర్చుకున్నాను, గుర్తున్నానా?" అంటే, ఒక క్షణం చూసి "నువ్వు క్లచ్ మీద నుంచి కాలే తియ్యవు కదా?" అంటుంది. ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క సందులో ఉన్న ఒక డ్రైవింగ్ స్కూల్లో పద్దెనిమిదేళ్ళుగా కార్లు నేర్పడం ఆమె పని. నేను ఆమెకు "క్లచ్ టప్పున వదిలేసే కాలేజీ మేడం"గా గుర్తున్నాను. యాభై రెండో ఏట ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆ పరిచయం ఇంటికి వచ్చిపోయేదాకా పెరిగింది. అందుకే ఆమె కారు కొన్న సంగతంతా నాకు తెలుసు. కొంత ఆమె చెప్పింది, కొంత ఆమె భర్త గిరి చెప్పినాడు.

కోమలిది వడమాలపేట. ఆమె నాయన చెంగయ్యకు మూడెకరాల మామిడితోట, ఒక పాత ట్రాక్టరు ఉండేవి. కాయల కాలంలో ట్రాలీ నింపుకుని గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరసలో పెట్టేవాడు. ఆ వరస ఒక్కోసారి రెండు రోజులైనా తెగేది కాదు. చెంగయ్య స్నానానికో అన్నానికో పోయినప్పుడు ముందు బండి కదిలితే మన బండి కూడా కదలాలి, లేకుంటే వెనకవాడు ముందుకు దూరిపోతాడు. పదో తరగతి సెలవుల్లో కోమలి ఆ పనికి ఒప్పుకుంది. క్లచ్ తొక్కాలంటే సీటు మీద నుంచి లేచి నిలబడి, ఒంటి బరువంతా ఎడమ కాలి మీద వెయ్యాల్సి వచ్చేది. గంటకు పది అడుగుల చొప్పున ముందుకు జరుపుతా, ఆ వేసవిలో ఆమె బండి నడపడం నేర్చుకుంది.

మేనమామ కొడుకు గిరిని చేసుకుని తిరుపతికి వచ్చింది. గిరి ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం తీసే పని చేస్తాడు. చాలా నెమ్మదస్తుడు. చంటిబిడ్డ చేతికి సూది వేసినా ఏడవనివ్వడని ఆయనకు పేరు. పక్క వీధుల నుంచి కూడా ఆయన డ్యూటీలో ఉండే వేళ కనుక్కుని వచ్చే తల్లులున్నారు. పెళ్ళైన మూడో ఏడు, ఆడవాళ్ళకు కారు నేర్పడానికి ఆడమనిషి కావాలని డ్రైవింగ్ స్కూలు వాళ్ళు బోర్డు పెడితే, కోమలి పోయి అడిగింది. ఆ రోజే చేర్చుకున్నారు.

స్కూలు కారులో ఎడమ పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే నేర్పేవాళ్ళు ఈ పక్క నుంచి కాపాడతా ఉంటారు. కోమలి ఉద్యోగమంతా ఆ ఎడమ సీటులోనే గడిచింది. మనిషి మంచిదే గానీ నోరు పెద్దది. మనం తప్పు చేసేలోపలే ఆమె అరుపు వినపడుతుంది. "ఈమెకు కోమలి అని పేరు పెట్టింది ఎవరబ్బా" అని నేర్చుకునేవాళ్ళు వెనక నవ్వుకుంటారు. కానీ ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు లైసెన్సు టెస్టులో తప్పడం అరుదు. అందుకని తిట్లు పడతారు.

ఆ తిట్లు ఒక్క మనిషి దగ్గర పని చెయ్యలేదు. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, ఒక ఆదివారం స్కూలు కారు అడిగి తీసుకుని, గిరికి నేర్పుతానని కరకంబాడి రోడ్డుకు తీసుకుపోయింది. గిరి క్లచ్ గబుక్కున వదిలేసినప్పుడల్లా బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. వెనక బస్సువాడు హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"కాలు అంత బిన్నా తియ్యమని ఎవురు సెప్పినారు? సెప్పేది సెవికెక్కదా బావా? పదేండ్ల పిల్లోడు నయం నీకంటే!" అని అరిచింది కోమలి.

గిరి ఇంజను ఆపి, తాళం తీసి ఆమె చేతిలో పెట్టి, తలుపు తీసుకుని దిగి, ఇంటికి నడిచి వచ్చేసినాడు. ఆ తర్వాత ఎప్పుడూ స్టీరింగు ముందు కూర్చోలేదు. గేర్లు లేని స్కూటీ ఒకటి కొనుక్కుని దాని మీదే ల్యాబుకు పోయివచ్చేవాడు. భార్యేమో ఊరందరికీ కారు నేర్పుతుంది, మొగుడికి రాదు అని ఎవరన్నా వేళాకోళం చేస్తే ఆయన కూడా వాళ్ళతో పాటు నవ్వేవాడు. ఇంట్లో మాత్రం ఇద్దరూ ఆ ఆదివారం మాట ఎత్తలేదు.

పోయిన సంవత్సరం రోడ్డు వెడల్పు చేసినప్పుడు చెంగయ్య తోటలో రెండు వరసల చెట్లు పోయినాయి. వచ్చిన పరిహారంలో కూతురికి కొంత ఇచ్చి, "నీకేం కావాల్నో కొనుక్కో, ఇంటి ఖర్చులకు పెట్టొద్దు" అన్నాడు. కోమలి ఆలోచించుకోవడానికి ఒక్క రోజు కూడా తీసుకోలేదు. ఆమెకు కావలసింది కారు. అది కూడా మామూలు కారు కాదు. చూడ్డానికి చిన్నకారే గానీ టర్బో ఇంజను, వెనక రెండు పొగగొట్టాలు, చక్రాల సందుల్లోంచి కనిపించే ఎర్ర రంగు బ్రేకులు. కుర్రకారు ఫోన్లలో బొమ్మలు పెట్టుకునే రకం.

"నలభై నాలుగేళ్ళకు ఇదేం కోరిక?" అని నేనే అడిగినాను.

"పద్దెనిమిదేండ్లు ఇరవై స్పీడులో తిరిగినా మేడం. అది కూడా ఇంకొకరు తోలుతా ఉంటే. ఒక్క బండన్నా నా ఇష్టానికి తోలొద్దా?" అంది.

ఆ కారు రెండు రకాల్లో వస్తుంది. ఒకటి మాన్యువల్, అంటే క్లచ్ తొక్కి మనమే గేర్లు మార్చుకోవాలి. రెండోది ఆటోమేటిక్. గేర్లు బండే మార్చుకుంటుంది, కింద రెండే పెడళ్ళు, ఎడమ కాలికి పనే ఉండదు. కోమలి మనసులో మొదటి నుంచీ మాన్యువలే ఉంది. కానీ తిరుపతి షోరూములో నడిపి చూడ్డానికి ఉన్నది ఆటోమేటిక్ ఒక్కటే. సరే చూద్దామని, షోరూమువాడు బాలాజీని పక్కన కూర్చోబెట్టుకుని రేణిగుంట రోడ్డులో బయలుదేరింది.

బండి ఎంత జోరుగా పోయిందో చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆమె కళ్ళు పెద్దవవుతాయి. కానీ ఎడమ కాలు ఊరికే ఉండలేకపోయింది. దారిలో ఒక స్పీడ్ బ్రేకర్ వచ్చేసరికి, అలవాటు చొప్పున ఆ కాలు క్లచ్ కోసం ముందుకు పోయింది. అక్కడ క్లచ్ లేదు, వెడల్పాటి బ్రేకు పెడల్ ఉంది. దాన్ని క్లచ్ తొక్కినట్టు అడుగంటా తొక్కేసరికి బండి ఉన్నచోటే టక్కున నిలబడిపోయింది. బెల్టు పెట్టుకోకుంటే బాలాజీ తల అద్దానికి కొట్టుకునేది.

"కొత్తలో అందరికీ అయ్యేదే మేడం" అన్నాడు బాలాజీ, చొక్కా సర్దుకుంటా.

"అందురూ నేర్పించేవాళ్ళు కాదు గదప్పా" అంది కోమలి. ఆ సిగ్గు ఆమెకు రెండు రోజులు పోలేదు.

చిత్తూరులో నిస్సీ అని పళ్ళ డాక్టరమ్మ ఒకామె ఉంది. కాలేజీలో చదివేటప్పుడు కోమలి దగ్గర నేర్చుకుంది. ఆమె దగ్గర ఇదే కారు, మాన్యువల్‌ది ఉంది. సంగతి తెలిసి, "షోరూములో చూసేదేంటక్కా, ఆదివారం చర్చి అయినాక ఇంటికి రా, నా బండి తోలిచూడు" అని పిలిచింది.

ఇద్దరూ పలమనేరు రోడ్డు పట్టుకుని మొగిలి ఘాటు దాకా పోయినారు. ఘాటు మొదలయ్యేదాకా కోమలి మాట్లాడతానే ఉంది, సీటు బాగుందని, స్టీరింగు బరువుగా ఉందని. మలుపులు మొదలైనాక మాట ఆగిపోయింది. మూడో గేరులో మలుపు దగ్గరకు పోవడం, రెండుకు దించడం, బండి మూలగడం, మలుపు తిరిగినాక మళ్ళీ మూడు. గ్రానైట్ రాళ్ళ లారీ ఒకటి ముందు పాక్కుంటా పోతుంటే, ఖాళీ దొరికేదాకా ఓపిక పట్టి, రెండులో ఒక్క ఊపున దాటింది. పైకి పోయినాక బండి పక్కకు ఆపి దిగి, చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి పెట్టింది. కాలింది. తీసేసింది.

"ఎట్లుంది అక్కా?" అని నిస్సీ అడిగింది.

"తిరిగి పోయేటప్పుడు కూడా నేనే తోలతా" అంది కోమలి.

ఆ వారంలోనే బుక్ చెయ్యడానికి గిరిని వెంటబెట్టుకుని షోరూముకు పోయింది. మాన్యువల్ అనగానే బాలాజీ మొహం పెట్టినాడు.

"ఈపొద్దు మాన్యువల్ ఎవరూ అడగడం లేదు మేడం. తెప్పించేకి రెండు నెలలు పైనే పడతాది. అదే ఆటోమేటిక్ అయితే వచ్చేవారం ఇస్తాం. సార్ కూడా తోలుకోవచ్చు కదా."

"సార్‌కు కారు రాదు" అంది కోమలి.

"అందుకే మేడం చెప్తాండేది. దీనికి క్లచ్ లేదు. సార్, రండి సార్, వెనక మా యార్డులో ఒక రౌండు కొట్టండి. అది రోడ్డు కాదు, ఎవరూ అడ్డం రారు."

గిరి వద్దంటాడనే కోమలి అనుకుంది. ఆయన ఒక క్షణం ఆమె వైపు చూసి, చెప్పులు విప్పి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. కోమలి ఎడమ సీటులో కూర్చుంది. బాలాజీ వెనక ఎక్కి, ఏది తొక్కితే ఏమవుతుందో చెప్పినాడు. బండి కదిలింది. ఎగరలేదు, ఆగిపోలేదు. కడిగిన కార్లు వరసగా నిలబెట్టిన ఆ యార్డు చుట్టూ మెల్లగా తిరిగింది. మొదటి మలుపులోనే కోమలి రెండు కాళ్ళూ కింద పెడళ్ళ కోసం వెతికినాయి. అక్కడ వట్టి మ్యాట్ ఉంది. ఆ మ్యాట్‌నే గట్టిగా తొక్కి పట్టుకుని కూర్చుంది. నోరు మాత్రం తెరవలేదు.

ఒక రౌండు అన్నది ఏడు రౌండ్లయింది. దిగేటప్పుడు గిరి మొహం కోమలి చూసింది. "రిపోర్టులో ఏమీ లేదని చెప్తే పేషెంట్ల మొహం ఎట్లుంటాదో, అట్లుండింది మేడం ఆయన మొహం" అని తర్వాత నాతో చెప్పింది.

లోపలికి పోయి ఆటోమేటిక్ బుక్ చేసింది. గిరి "మాన్యువల్ అంటివే?" అన్నాడు. "వయసు మీద పడతాండాది, మోకాలు నొప్పి గదా" అంది. మోకాలు నొప్పి నిజమే, రోజంతా క్లచ్ మీద కాలు పెట్టుకునే ఉద్యోగం కదా. కానీ కారణం అది కాదు.

ఆ తర్వాత పది రోజులు కోమలి ఎప్పటిలా లేదు. బండి ఎప్పుడొస్తుందని షోరూముకు ఒక్క ఫోను చెయ్యలేదు. రంగు ఏది కావాలని వాళ్ళే ఫోన్ చేస్తే, "ఏదో ఒకటి ఇయ్యండి" అంది. ఇంటి ముందు కారు పెట్టే చోటు చదును చేయిద్దామని గిరి అంటే, చూద్దాంలే అంది. గిరి గమనిస్తానే ఉన్నాడు, అడగలేదు.

ఒక సాయంత్రం ఆమె స్నానం చేస్తుంటే నిస్సీ ఫోన్ చేసింది. గిరి ఎత్తినాడు. కారు బుక్ చేసినారా అని ఆమె అడిగింది. ఆటోమేటిక్ తీసుకున్నామని ఆయన చెప్పినాడు.

"ఆటోమేటికా? అదేంటన్నా? ఆ రోజు మొగిలి ఘాటులో అక్కను నువ్వు చూసుండాల. పోయేటప్పుడు అక్కే, వచ్చేటప్పుడు అక్కే. నా బండి నాకు ఇయ్యలా. నా జతలో ఇన్నేండ్లు మాట్లాడింది గానీ, అక్క గమ్మునుండింది ఆ ఒక్క గంటే" అంది నిస్సీ.

గిరి ఆ రాత్రి అన్నం తినేటప్పుడు మాట తీసినాడు.

"నిస్సీ ఫోన్ చేసింది. ఘాటులో ఆమె మాన్యువల్ బండి నువ్వు వదలనే లేదంట గదా. మళ్ళ ఎందుకు మార్చినావు?"

"మోకాలు…"

"నేను ల్యాబులో పని చేస్తా. నొప్పి అంటే ఏందో నాకు తెలుసు. మోకాలు వదిలెయ్, ఉన్నది చెప్పు."

కోమలి కంచంలో చెయ్యి ఆపింది. "నువ్వు ఏడు రౌండ్లు కొడితివి బావా. ఒగటి కాదు. పదహైదేండ్ల కిందట నేను అరవకుంటే, ఈ పొద్దుకు నువ్వు ఊరంతా తోలతా ఉందువు. ఆ బాకీ ఇట్లన్నా తీరనీలే అనుకున్నా."

గిరికి కోపం రావడం తక్కువ. అప్పుడొచ్చింది. "అంటే, దినామూ ఆ బండి ఎక్కి నువ్వు మొహం ముడుచుకోని కూసుంటే, నేను సంతోషంగా తోలాల్నా? నాకొద్దు అట్లాంటి బండి. మీ నాయన నీకు కొనుక్కోమని ఇచ్చినాడు. నీకేం కావాల్నో అది కొనుక్కో."

"మళ్ళ నువ్వు?"

"నేను నేర్చుకుంటా. క్లచ్‌తోనే నేర్చుకుంటా."

కోమలి మొహం విప్పారింది. "రేప్పొద్దున ఆరు గంటల బ్యాచి ఖాళీగా ఉండాది…"

"నీకాడ కాదు. పెంచలయ్యన్న కాడ."

పెంచలయ్య అదే స్కూల్లో ఇంకో మాస్టరు. అరవై దాటినాయి. ముప్పై ఏళ్ళు లారీ తోలి వచ్చినాడు. కోమలికి ఆ మాట దెబ్బ కొట్టినట్టయింది. సొంత మొగుడు పక్క కారు ఎక్కితే స్కూల్లో తల ఎత్తుకునేదెట్లా? రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు షోరూముకు ఫోన్ చేసి, బుకింగు మాన్యువల్‌కు మార్చమంది. రంగు కూడా చెప్పింది, ముదురు బూడిద రంగు. అదే రోజు గిరి పేరు పెంచలయ్య బ్యాచిలో తానే రాసింది.

ఇరవై ఆరు రోజులు, పొద్దున ఆరింటికి. ఇద్దరూ స్కూటీ మీద కలిసి వచ్చేవాళ్ళు. స్కూలు ముందు దిగి ఆమె ఒక కారు ఎక్కేది, ఆయన ఇంకో కారు. ఒకరోజు ఫ్లైఓవర్ ఎత్తులో ముందు కారు ఆగిపోయి ఉండటం, అందులో ఉన్నది గిరే కావడం కోమలికి వెనక నుంచి కనపడింది. ఆమె పక్కన స్టీరింగు పట్టుకుని ఉన్నమ్మాయికి ఏం చెప్తున్నదీ మర్చిపోయి చూసింది. ఆ కారు మళ్ళీ స్టార్టయి, కొంచెం వెనక్కి జారి, మళ్ళీ ఆగి, ఐదో నిమిషంలో పైకెక్కింది.

"ఆడ ఆగిపోయినప్పుడు అన్న ఏం చెప్పినాడు?" అని ఇంటికొచ్చినాక అడిగింది.

"ఏమీ చెప్పలా. కిటికీలో నుంచి బయటికి చూస్తా కూసున్నాడు. నేను స్టార్ట్ చేసినాక ఇటు తిరిగినాడు."

మర్నాడు టీ దగ్గర పెంచలయ్యనే అడిగింది, అట్లా గమ్మునుంటే వాళ్ళకు ఎట్లా వస్తుందని. ఆయన గ్లాసు కింద పెట్టి చెప్పినాడు. "నాకు లారీ నేర్పినాయన దినామూ కొట్టేవాడు మ్మా. ఆయన కొట్టింది గుర్తుండాది. నేర్పింది ఒక్కటీ గుర్తులే. నేను మళ్ళ అంతా సొంతంగానే నేర్చుకుంటి."

ఆ పొద్దు కోమలి కూడా నోరు మూసుకుని నేర్పుదామని చూసింది. ఇరవై నిమిషాలకు, స్టీరింగు ముందున్న అమ్మాయి కారు పక్కకు ఆపి, "మేడం, నామీద ఏమన్నా కోపమా? ఒక్క మాటా మాట్లాడటం లేదు, భయంగా ఉంది" అంది. కోమలి మళ్ళీ మామూలైపోయింది. కాకపోతే బండి ఆగిపోయినప్పుడు మాత్రం ఇప్పుడు పదిదాకా లెక్కపెట్టుకుంటుంది. ఆరు దగ్గరే అరుపు వచ్చేస్తుందని ఆమే ఒప్పుకుంది.

గిరి మొదటి టెస్టు తప్పినాడు. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న దారిలో వెనక చక్రం గీత దాటింది. ఆ రోజు ఆయనకంటే కోమలి ఎక్కువ కుంగిపోయింది. రెండోసారి పాసయినాడు. అప్పటికి కారు వచ్చి పన్నెండు రోజులు.

బండి ఎప్పుడెవరు తోలాలో వాళ్ళే పద్ధతి పెట్టుకున్నారు. కొండకు పోయినా, ఘాటు రోడ్డు ఏది వచ్చినా కోమలి. ఊళ్ళో, చదును రోడ్డు మీద గిరి. మొదటి నెలలోనే ఆయన ఇంటి గోడకు ఎడమ పక్క తలుపు గీరేసినాడు. ఆమె అరిచింది. ఆయన ఈసారి దిగి నడిచిపోలేదు. "నీది కూడా ఒక గీత ఉండాది, కుడిపక్క బంపరు కింద. నేను చూసినా" అన్నాడు. ఆమె కిందికి వంగి చూసి, అది రాయి తగిలిందని వాదించింది.

నాలుగు నెలల కిందట స్కూలువాళ్ళు కూడా ఒక ఆటోమేటిక్ కారు కొన్నారు. నేర్చుకోవడానికి పెద్ద వయసు ఆడవాళ్ళు ఎక్కువగా వస్తున్నారు, వాళ్ళకు క్లచ్ వద్దు. ఎవరు నేర్పుతారని యజమాని అడిగితే పెంచలయ్య తల అడ్డంగా ఊపినాడు. కోమలి తీసుకుంది. "ఎడమ కాలు వెనక్కి మడిచి పెట్టుకోండి, దాని పని ఈపొద్దుతో అయిపోయింది" అని మొదటి రోజే చెప్తుంది.

పోయిన నెల గిరి అక్క కొత్త ఇల్లు కట్టుకుని పాలు పొంగించుకుంటే, ఇద్దరూ సత్యవేడుకు పోయినారు. పుత్తూరు దాకా కోమలి తోలింది. అక్కడ కాఫీ తాగి, గిరి స్టీరింగు తీసుకున్నాడు. నారాయణవనం దాటేటప్పుడు ఆమె ఏదో చెప్తా ఉందట, సగంలో మాట ఆగింది. గిరి పక్కకు చూస్తే తల కిటికీకి ఆనించి నిద్రపోతా ఉంది. పిచ్చాటూరు దగ్గర చెరుకు ట్రాక్టరు అడ్డం వస్తే బ్రేకు వేసినాడు, ఆమె లేవలేదు. అక్కావాళ్ళ ఇంటి ముందు షామియానా పక్కన బండి ఆపి, ఇంజను ఆపకుండా కొంచెంసేపు అట్లే కూర్చున్నాడు. మేళం మొదలైతే ఆ చప్పుడుకు ఆమే లేచి, "యాడుండాం?" అని అడిగింది.

"సత్యవేడు" అన్నాడు గిరి. "దిగు, పాలు పొంగించేస్తాండారు."